సత్యవేణి వకాల్తా

సత్యవేణి నాలుగు వంకాయలు చీరి ఉప్పునీళ్ళలో వేసే లోపల ఆమె ఉద్యోగం బేరం కాస్తా ముగిసిపోయింది. మొత్తం నలభై ఒక్క సెకన్లు. ఐదో కాయలో పురుగు కనిపిస్తే దాన్ని తీసి పారేస్తోంది, ఇంతలో గట్టు మీద ఫోను టింగుమంది. మేరుదీప్ కంపెనీతో మాటలు పూర్తయ్యాయనీ, షరతులన్నీ కుదిరాయనీ, శుభాకాంక్షలనీ అందులో ఉంది.

దీనికి ఆశ్చర్యపోయే రోజులు ఎప్పుడో పోయాయి. ఇప్పుడు ఉద్యోగానికి బేరమంటే మనిషి వెళ్ళి మనిషి ముందు కూర్చుని నసగడం కాదు. ఎవరి వకాల్తా వారికుంది. వకాల్తా అంటే మరేం లేదు. మనం ఏళ్ళ తరబడి ఫోన్లలో మాట్లాడినవీ, రాసినవీ, ఒప్పుకున్నవీ, తప్పించుకున్నవీ అన్నీ నమిలి మింగి, మన గొంతుతో మన బదులు మాట్లాడే యంత్రం. కంపెనీకో వకాల్తా, మనకో వకాల్తా, రెండూ కలిసి తేల్చుకుంటాయి. మన వకాల్తా సరే అందంటే మనం సంతకం పెట్టినట్టే. చట్టం కూడా దానికి ఒప్పుకుంది. మనకి నోరు పెగలని చోట అది మాట్లాడుతుందనీ, మనం మొహమాటపడే చోట అది పడదనీ జనం తెగ మురిసిపోయారు.

సత్యవేణి ఇంకాస్త ఎక్కువ మురిసింది. దానికి తెలుగు నేర్పిన వాళ్ళలో ఆమె ఒకతె మరి.

చేతులు కడుక్కుని, చీర చెంగుతో తుడుచుకుని, షరతులు చదవడం మొదలుపెట్టింది. పొద్దున వకాల్తాకి ఆమె ఒక్కటే చెప్పింది. సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా నన్నెవరూ కదపకూడదు, తక్కినవన్నీ నీ ఇష్టం, జీతం తగ్గినా సరే. చూస్తే జీతం తగ్గలేదు సరికదా అనుకున్నదానికంటే పెరిగింది. కాకినాడ వదిలి వెళ్ళక్కర్లేదు. ఇంట్లోంచే పని. సెలవులు కూడా దండిగానే ఉన్నాయి. పదకొండో షరతు దగ్గర ఆమె కళ్ళు ఆగిపోయాయి. ప్రతిరోజూ సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది వరకు విదేశీ ప్రయోగశాలల సమావేశాలలో పాల్గొనవలెను, అభ్యర్థి సమ్మతించినారు, అని ఉంది.

"సమ్మతించినారా? ఎవరే తల్లీ సమ్మతించింది?" అంది సత్యవేణి పైకే.

పక్కగదిలోంచి "సత్తీ" అని పిలుపు వచ్చింది. అక్క లేచింది.

ఆ అక్క పేరు మంగతాయారు. సత్యవేణి కంటే పన్నెండేళ్ళు పెద్ద. తల్లి పోయాక చెల్లెల్ని పెంచిందీ, చదివించిందీ ఆమే. పెళ్ళయిన మూడేళ్ళకే మొగుడి ముఖాన పుస్తెలు కొట్టి వచ్చేసి, జగన్నాథపురంలో ఇరవై రెండేళ్ళు మెస్సు నడిపింది. ఇంజనీరింగు పిల్లలు సందు మొదట్లోనే చెప్పులు విప్పేసి వరసకట్టేవారు. ఆమె గొంతు సందు చివర చాకలి బండి దాకా వినిపించేది. అలాంటి మనిషి నాలుగు నెలల కింద ఓ ఉదయం పప్పులో తాలింపు వేస్తూ వేస్తూ పక్కకి ఒరిగిపోయింది. కుడి చెయ్యీ, కుడి కాలూ సగం పోయాయి. మాటలు పూర్తిగా పోయాయి. ఎదుటివాళ్ళు అన్నదంతా అర్థమవుతుంది, తను అనాలనుకున్నది మాత్రం నాలిక మీదకి రాదు.

ఆసుపత్రిలో మాటలు నేర్పే డాక్టరమ్మ ఒక సంగతి దాచకుండా చెప్పింది. మొదటి ఏడాదిలో ఎన్ని మాటలు తిరిగొస్తే అన్నే, ఆ తర్వాత వచ్చేది నామమాత్రం. పొద్దుటిపూట మందుల మత్తులో ఉంటుంది, లాభం లేదు. మధ్యాహ్నం నిద్ర లేచాక తెలివిగా ఉంటుంది, అప్పుడు సొంతమనిషి ఎవరైనా పక్కన కూర్చుని కబుర్లు చెప్పాలి, బడిపిల్లకి పాఠం చెప్పినట్టు కాదు, కబుర్లు. అవే నాలుగు నుంచి ఎనిమిది దాకా ఉన్న ఆ గంటలు. నాలుగు నెలల్లో మంగతాయారుకి పదకొండు మాటలు వచ్చాయి. ఇంక ఎనిమిది నెలలే ఉన్నాయి.

సత్యవేణికి పెళ్ళీ లేదు, ఇంకో తోడబుట్టినవాళ్ళూ లేరు. ఆ గంటలు ఇంకెవరి చేతిలోనూ పెట్టడానికి లేదు.

మర్నాడు పొద్దున్నే ల్యాబుకి పరిగెత్తింది. ల్యాబంటే ఇప్పుడు పేరుకే. గ్రాంటు ఆగిపోయింది, నెలాఖరుకి మూత. సగం కుర్చీలు ఎవరో పట్టుకుపోయారు. పెద్దాయన భాస్కరరామం గారు మాత్రం అట్టపెట్టెల మధ్య కూర్చుని పాత కాగితాలు చూసుకుంటున్నారు. ఆ ల్యాబు ఆయన పెట్టిందే, సత్యవేణిని పనిలోకి తీసుకున్నదీ ఆయనే.

"ఏంటమ్మా, ఆ ముఖం? ఉద్యోగం వచ్చిందన్నావుగా?"

"వచ్చిందండీ. నా సాయంత్రాలు పోయాయి. మన యంత్రం తప్పు చేసింది, చూడండి."

ఇద్దరూ ఆ సంభాషణ తెర మీదకి తెచ్చుకున్నారు. నలభై ఒక్క సెకన్ల మాటలు, మనుషులు మాట్లాడుకుంటే గంట పడతాయి. పదకొండో షరతు దగ్గరికి జరిపి, వినిపించమని మీట నొక్కింది సత్యవేణి.

"సాయంత్రాలు నాలుగు నుంచి ఎనిమిది దాకా మీరు సమావేశాల్లో ఉండాలండి," అంది కంపెనీ వకాల్తా. మంచి మర్యాదగా ఉంది దాని గొంతు.

"కుదరదండి. ఆ టైములో నేను మా అక్క దగ్గరుండాలి. ఆవిడకి ఒంట్లో బాగోదు." ఇది సత్యవేణి వకాల్తా. అచ్చం సత్యవేణి గొంతే.

"అయ్యో, అలాగాండి. పోనీ వారంలో నాలుగు రోజులైనా?"

"కష్టమండి. ఏమీ అనుకోకండి."

"మీరు లేకపోతే అసలీ పని మొదలవదండి. మిమ్మల్నే నమ్ముకుని ఉన్నాం. ఎలాగోలా సర్దుకోండి, రోజూ."

"సరేలెండి. చూసుకుంటాను."

సత్యవేణి ఇంకోసారి వినిపించుకుంది. తప్పు పట్టుకుందామని వచ్చింది, తీరా వింటే ఒక్క అక్షరం కూడా తనది కానిది లేదు. "ఏమీ అనుకోకండి" అన్నది కూడా తనే.

భాస్కరరామం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మూడోసారికి ఒప్పుకుంది. మనం నేర్పిందేనమ్మా," అన్నారు.

ఆయన చెప్పక్కర్లేదు. ఆరేళ్ళ కిందటి ఆ భోజనాల రోజు ఆమెకి కళ్ళకి కట్టినట్టుంది. అప్పట్లో వకాల్తాలు గోదావరి జిల్లాల వాళ్ళ విషయంలో ఘోరంగా దెబ్బతినేవి. ఇక్కడి మనిషి కాఫీ కావాలా అంటే వద్దంటాడు, కావాల్సి ఉన్నా సరే. యంత్రం ఆ వద్దుని పట్టుకుని కూర్చునేది. అప్పుడు సత్యవేణికి అక్క గుర్తొచ్చింది. మంగతాయారు ఏనాడూ ఎవరి మొదటి మాటా నమ్మిన పాపాన పోలేదు. నలభై మందిని ల్యాబుకి పిలిచి, అరిటాకులు వేసి, అక్క చేత పనసపొట్టు కూరా, ముక్కల పులుసూ వడ్డింపించారు. ఒక్కొక్కరి మణికట్టుకీ ఆకలి కొలిచే పట్టీ. "ఇంకొంచెం వెయ్యనా?" అని మంగతాయారు మొదటిసారి అడిగితే అందరూ చాలండి అన్నారు. రెండోసారికి ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టారు. మూడోసారికి కొందరు చెయ్యి తీశారు, కొందరు నిజంగానే దణ్ణం పెట్టేశారు. పట్టీలు చూస్తే నలభైలో ముప్ఫై ఏడుగురి మూడో జవాబూ కడుపుతో సరిగ్గా సరిపోయింది. మూడోసారి అడిగినప్పుడు చెప్పేదే ఇక్కడి మనిషి అసలు మాట అని సత్యవేణి పేపరు రాసింది. దేశమంతా మెచ్చుకున్నారు. ఆ వేళ మిగిలిన పులుసు కోసం భాస్కరరామం గారూ, డ్రైవరూ దెబ్బలాడుకున్నారు కూడా.

"మా అక్క అడిగింది పెట్టడానికండీ," అంది సత్యవేణి. "వీళ్ళు అడిగేది లాక్కోవడానికి. మూడోసారి చెయ్యి తీసేశామంటే ఆకలేసి కాదు, ఓపిక చచ్చి. ఇంత చిన్న సంగతి నాకెందుకు తట్టలేదండీ?"

"నాకూ తట్టలేదుగా."

"ఎంతమంది మీద నడుస్తోందండీ ఇది?"

ఆయన తెర మూసేశారు.

పోనీ ఉద్యోగం వద్దని చెప్పేద్దామా అంటే అదీ లేదు. తన వకాల్తా ఒప్పుకున్నాక మనిషి మాట తప్పితే మూడేళ్ళ దాకా ఏ కంపెనీ ఆ వకాల్తాతో మాట్లాడదు. నెలాఖరు దాటితే ఇంట్లోకి వచ్చేది ఏమీ ఉండదు. ఉద్యోగం లేకపోతే అక్కకి మందులూ, కాలు సాధన చేయించే మనిషీ ఉండరు. ఉద్యోగం ఉంటే అక్కకి సాయంత్రాలు ఉండవు. ఎటు చూసినా గోడే.

ఒక్క సందు మాత్రం ఉంది. అది కూడా సత్యవేణి పట్టుబట్టి చట్టంలో పెట్టించిందే. అభ్యంతరం ఉన్న మనిషి వారంలోగా స్వయంగా వెళ్ళొచ్చు. కంపెనీ తరఫున ఒక మనిషి, యంత్రం కాదు, మనిషి, ఎదురుగా కూర్చుని ఆ షరతుని మూడుసార్లు అడగాలి. మూడుసార్లూ కాదంటే ఆ షరతు కొట్టేసి తక్కిన ఉద్యోగం ఇవ్వాలి. అంతే. మూడుసార్లు కుదరదు అనాలి.

"ఓస్, ఇంతేగా! ఇప్పుడే చూద్దాం," అని భాస్కరరామం గారు కుర్చీ ముందుకి లాక్కుని మూడు రకాలుగా అడిగారు. బతిమాలారు, బెదిరించారు, చివరికి తన గుండె ఆపరేషన్ సంగతి కూడా తెచ్చారు. సత్యవేణి మూడుసార్లూ కుదరదంది. ఇద్దరికీ కాస్త నవ్వొచ్చింది. శుక్రవారం పదకొండు గంటలకి రమ్మని కబురు వచ్చింది.

గురువారం సాయంత్రం అక్కకి కాఫీ ఇచ్చి, మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది సత్యవేణి. చేతిలో ఓ వంకాయ ఉంది. మంగతాయారు ఎడంచేత్తో దాన్ని తీసుకుని, తొడిమ దగ్గర నొక్కి చూసి, ముఖం చిట్లించింది. ముదురు కాయ తెచ్చావని అర్థం.

"సరే, తప్పే. ఇదేంటో చెప్పు మరి."

"పెట్టు," అంది మంగతాయారు. అది ఆమెకి వచ్చిన మాటల్లో ఒకటి.

"పెట్టు కాదక్కా. వం..."

"వం... వం... పెట్టు."

ఇలా నలభై నిమిషాలు. సత్యవేణి మనసులో రేపటి సంగతే తిరుగుతోంది. తొమ్మిదోసారో పదోసారో అక్క మళ్ళీ "పెట్టు" అనేసరికి "ఎన్నిసార్లు చెప్పాలే నీకు! వంకాయ! ఒక్క ముక్క రాదా?" అని కసిరేసింది. అన్నాక నాలిక కరుచుకుంది. మంగతాయారు ఏమీ అనలేదు. అనడానికి మాట ఉంటే కదా. వంకాయని దుప్పటి మీద పెట్టి, ఎడంచేత్తో చెల్లెలి మోకాలు నిమిరింది. ఆ నిమరడం సత్యవేణి తట్టుకోలేకపోయింది. లేచి వెళ్ళి పెరట్లో ఆరేసిన బట్టలు, ఆరాయో లేదో కూడా చూడకుండా, అన్నీ తీసుకొచ్చేసింది.

తిరిగొచ్చేసరికి మంగతాయారు వంకాయని పైకెత్తి పట్టుకుని కూర్చుంది. "వంకా," అంది. మిగిలిన అక్షరం కోసం పెదాలు ఎంతో కష్టపడ్డాయి గానీ రాలేదు. అయినా ముఖమంతా వెలిగిపోతోంది. పన్నెండో మాటని సత్యవేణి ఒప్పేసుకుంది. అక్క బుగ్గ మీద ముద్దు పెట్టుకుని, ఈ గంటలు ఎవడికిస్తాను, చచ్చినా ఇవ్వను అనుకుంది.

భానుగుడి దగ్గర కొత్త భవనంలో మూడో అంతస్తు మేరుదీప్ వాళ్ళది. సత్యవేణిని కూర్చోబెట్టిన గదిలో ఓ బల్లా, రెండు కుర్చీలూ, బల్ల మీద పల్చటి తెర, దాని నెత్తిన చిన్న కెమెరా ఉన్నాయి. వచ్చిన అబ్బాయికి ముప్ఫై ఉంటాయేమో. పేరు సూరిబాబు. లోపలికి రాగానే ఆమె ముఖం చూసి నిలబడిపోయాడు.

"మీరు మంగతాయారు గారి చెల్లెలు కదండి?"

"అవునండి."

"ఆయ్, నేను ఆవిడ మెస్సులో నాలుగేళ్ళు తిన్నానండి. ఈ పొట్ట ఆవిడ పెట్టిన భిక్షే." నవ్వుతూ పొట్ట తడుముకున్నాడు. "ఎలా ఉన్నారండి?"

సత్యవేణి చెప్పింది. చెబుతున్నంతసేపూ అతను కూర్చోలేదు. తర్వాత నెమ్మదిగా కూర్చుని, తెర ఇంకా వెలగలేదని చూసుకుని, గొంతు తగ్గించాడు.

"మేడం, నేను చెప్పకూడదు గానండి, కాదనేయండి. మూడుసార్లూ కాదనండి. నేనిక్కడ కొట్టేస్తానండి ఆ షరతు. ఈ కుర్చీలో కూర్చున్న వాళ్ళు ఇప్పటిదాకా ఒక్కరు కూడా అనలేదు."

"ఎంతమంది వచ్చారేంటి?"

"రెండొందలు దాటారండి. ఇంటి దగ్గర మరీ మరీ అనుకుని వస్తారు. రెండుసార్లు గట్టిగానే అంటారు. మూడోసారికి..." సూరిబాబు తల అడ్డంగా ఊపాడు. "నేనూ అంతేనండి. నా ఆదివారాలు పోయింది ఇలాగే. మీరు చదువుకున్నోళ్ళు, ఇదంతా తెలిసినోళ్ళు. మీరనగలరు."

"అంటాను బాబూ," అంది సత్యవేణి. ఆమెకి నిజంగానే ధైర్యం వచ్చింది. ఆ కుర్రాడి కోసమన్నా అనాలనిపించింది.

తెర వెలిగింది. ఇంక అతను సొంత మాట ఒక్కటి కూడా కలపడానికి లేదు. తెర మీద వచ్చింది చదవాలి, అంతే.

"సత్యవేణి గారూ, పదకొండో షరతు ప్రకారం సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది వరకు సమావేశాల్లో ఉండటానికి మీరు సమ్మతిస్తున్నారా?"

"కుదరదండి."

"విదేశాల్లో ఉన్న మీ బృందానికి అదే పగలు. మరో వేళ కుదిరే అవకాశం లేదు. మీ నిర్ణయం మార్చుకుంటారా?"

"కుదరదు." ఈసారి అండి కూడా తీసేసింది. అలా తీసేసినందుకు తనకే గర్వంగా అనిపించింది. సూరిబాబు పెదవుల చివర నవ్వు కదిలింది. అతని వేలు షరతు కొట్టేసే మీట పక్కకి వచ్చి ఆగింది.

మొదటి రెండు ప్రశ్నలూ చిటికెలో వచ్చాయి. మూడోది కొంచెం ఆలస్యమైంది. వచ్చాక సూరిబాబు ముందు తనలో తాను చదువుకున్నాడు. అతని ముఖంలో నవ్వు పోయింది. తర్వాత చదివాడు, చదవక తప్పదు గనక.

"సత్యవేణి గారూ, నాలుగు నెలలుగా ఇంటి పనీ, ల్యాబు పనీ, అక్కగారి సేవా మీరొక్కరే చేస్తున్నారు. మీకు ఒంట్లో ఎలా ఉందని ఎవరైనా అడిగారా? మీరు బాగా అలిసిపోయారు. సాయంత్రాలు మీ అక్కగారి పక్కన మీ వకాల్తాని కూర్చోబెడతాం. అదీ మీ గొంతే, మీ కబుర్లే, మీ ప్రేమే. అది విసుక్కోదు. మీరు పక్కగదిలోనే ఉంటారు. మీ నుంచి మేమేమీ తీసుకోవడం లేదు, మీకు కాస్త విశ్రాంతి ఇస్తామంటున్నాం. పంపించమంటారా?"

కంపెనీ యంత్రం ఇది ఎక్కడ నేర్చుకుందో సత్యవేణికి వెంటనే తెలిసిపోయింది. ల్యాబులో తను భాస్కరరామం గారితో అన్న ముక్క తన ఫోను విని దానికి చేరవేసి ఉంటుంది. అక్క అడిగింది పెట్టడానికి, వీళ్ళడిగేది లాక్కోవడానికి అని. అందుకే ఇప్పుడిది పెట్టడానికి వచ్చింది. నిన్న సాయంత్రం అక్కని కసిరింది కూడా విని ఉంటుంది. ఇదంతా ఎత్తు అని తెలుసు, ఎలా వేశారో తెలుసు, ఈ ఎత్తు వేసే విద్య తనే నేర్పిందనీ తెలుసు. కుదరదు అనే మాట నోట్లో సిద్ధంగానే ఉంది.

కానీ నాలుగు నెలల్లో అలిసిపోయావా అని ఆమెని ఎవరూ అడగలేదు. డాక్టరమ్మ అడగలేదు. భాస్కరరామం గారు అడగలేదు. అక్కకి అడిగే మాట లేదు. యంత్రం అడిగింది. అడగ్గానే ఆమె భుజాలూ, నడుమూ, తెల్లవారక ముందే లేచే కళ్ళూ అన్నీ ఒక్కసారిగా అవునవును అన్నట్టు బరువెక్కాయి. ఎదురుగా ఆ కుర్రాడు తల దించుకుని కూర్చున్నాడు. ఇంత మంచిగా అడుగుతుంటే ముఖాన కొట్టినట్టు ఎలా అనడం అని, ఎక్కడో లోపల చిన్నప్పటి నుంచీ కూర్చున్న మనిషి ఒకతె సణిగింది.

"సరేలెండి," అంది సత్యవేణి.

అనేశాక ఆ మాట అన్నది ఎవరా అన్నట్టు చుట్టూ చూసింది. గదిలో ఇంకెవరూ లేరు. తెర అంచు పచ్చగా మారిపోయింది.

"మేడం! అయ్యో, ఏంటండి!" సూరిబాబు కుర్చీలోంచి లేచిపోయాడు. "నాకు సరిగ్గా వినపడలేదని రాస్తానండి. మళ్ళీ అడుగుతాను. మళ్ళీ అడగమంటారా?"

"దానికి వినపడింది బాబూ," అంది సత్యవేణి.

అతను కళ్ళు తుడుచుకున్నాడు. ఆమెకి కన్నీళ్ళు కూడా రాలేదు. పైగా అతన్నే ఓదార్చి, మెట్లు దిగి, ఆటో పిలిచింది. దారి పొడవునా ఒక్కటే ప్రశ్న. ఆ క్షణంలో ఆమెకి నిజంగానే విశ్రాంతి కావాలనిపించింది. అంటే యంత్రం చెప్పింది అబద్ధం కాదన్నమాట. అబద్ధమైతే కోర్టుకైనా వెళ్ళొచ్చు. తనకి తెలియని సంగతి, తన గురించే, వాళ్ళకి ముందే తెలిసి ఉంటే ఎవరి మీద ఫిర్యాదు చెయ్యాలి? భాస్కరరామం గారు ఫోను చేస్తే ఎత్తలేదు.

సోమవారం మధ్యాహ్నానికి మేరుదీప్ వాళ్ళ మనిషి వచ్చి ఆమె వకాల్తా ఉన్న పరికరం ఇచ్చి వెళ్ళాడు. కొబ్బరికాయంత ఉంది, తెల్లగా. ఎక్కడ పెట్టాలో కూడా అతనే చెప్పాడు. మంచం పక్కన, రోజూ మీరు కూర్చునే చోట, మీ తల ఎత్తుకి దగ్గరగా. సత్యవేణి స్టూలు మీద నాలుగు పాత పుస్తకాలు పేర్చి దాన్ని కూర్చోబెట్టింది. మూడున్నరకే కాఫీ కలిపింది. అక్కని లేపి, ముఖం తుడిచి, తాగించి, దిండు సర్ది కిటికీ వైపు తిప్పి పడుకోబెట్టింది. అలా పడుకుంటే పెరట్లో జామచెట్టు మీద పిట్టలు కనబడతాయి, మంగతాయారుకి ఆ వైపే ఇష్టం.

"అక్కా, నాకు కొత్త ఉద్యోగం వచ్చింది. సాయంత్రాలు ఆ గదిలో కాస్త పనుంటుంది. ఇదిగో, ఇది నీతో కబుర్లు చెబుతుంది. నాలాగే మాట్లాడుతుంది."

మంగతాయారు తల తిప్పి స్టూలు మీది దాన్ని ఒకసారి చూసింది. ఆమెకేం అర్థమయిందో తెలియలేదు. మళ్ళీ కిటికీ వైపు తిరిగిపోయింది.

గడియారం నాలుగుకి రెండు నిమిషాలు తక్కువ చూపిస్తోంది. పక్కగదిలో కంప్యూటరు మోగడం మొదలుపెట్టింది. సత్యవేణి గుమ్మం దాకా వెళ్ళింది.

"సత్తీ," అంది వెనక నుంచి మంగతాయారు. ఊపిరి బలంగా తీసుకున్న చప్పుడు వినిపించింది. "సత్తీ, ఉండు."

సత్యవేణి గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. ఉండు అనే మాట తను నేర్పలేదు. నాలుగు నెలల్లో మంగతాయారు ఒక మాట పక్కన ఇంకో మాట పెట్టడం ఇదే మొదలు. ఇలా రెండు కలవడం మొదలైందంటే ఇంక మాటలు ఒకదాని చెయ్యి పట్టుకుని ఒకటి వస్తాయి. పక్కన మనిషి ఉండి పిలుస్తుంటే. పరుగెత్తుకెళ్ళి అక్కని కావలించుకోవాలనిపించింది. ఉంటానక్కా, ఎక్కడికీ వెళ్ళను అని చెబుదామని వెనక్కి తిరిగింది. ఒక్క క్షణం నోరు పెగల్లేదు.

"ఉంటానక్కా. ఎక్కడికీ వెళ్ళను," అంది స్టూలు మీది గొంతు, ఎంతో ప్రేమగా.

మంగతాయారు కిటికీ వైపే చూస్తూ నవ్వింది. ఎడంచెయ్యి వెనక్కి చాపి, స్టూలు మీద తడిమి, ఆ తెల్లటి దాని మీద వేసి ఉంచింది. పక్కగదిలో మోత ఆగలేదు. సత్యవేణి చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసి అటు వెళ్ళింది.